ఊరు వదిలాక వచ్చిన పేరు

జర్మనీలో రైన్ నది పడమటి గట్టున, మైంజ్ నగరానికి దక్షిణంగా 20 కిలోమీటర్ల దూరంలో ఓపెన్‌హైమ్ అనే చిన్న పట్టణం ఉంది. ద్రాక్షతోటల వాలు మీద ఎర్రరాతి సెయింట్ కేథరిన్ చర్చి, దాని పైన లాండ్స్‌క్రోన్ కోట శిథిలాలు, పాత ఇళ్ల కింద ఒకదానిలోంచి ఒకదానిలోకి సాగే సొరంగాలు. 1225లో చక్రవర్తి దీనికి స్వతంత్ర నగర హోదా ఇచ్చాడు. 1521లో మార్టిన్ లూథర్ వర్మ్స్ సభకు వెళ్తూ ఇక్కడ బస చేశాడు. 1689లో ఫ్రెంచి సైన్యం ఊరంతా తగలబెట్టింది. 1945 మార్చి 22 రాత్రి జనరల్ పాటన్ సేనలు రైన్ నదిని దాటింది కూడా ఈ ఊరి దగ్గరే. సరిగ్గా అదే రోజుల్లో, అమెరికాలోని న్యూమెక్సికోలో ఒక ఎత్తైన మెట్ట మీద, ఈ ఊరి పేరునే ఇంటిపేరుగా మోస్తున్న ఒక భౌతిక శాస్త్రవేత్త అణుబాంబు తయారీని చివరి దశకు తెస్తున్నాడు. ఆయన ఆ ఊళ్లో పుట్టలేదు, ఆయన తండ్రి కూడా అక్కడ పుట్టలేదు.

ఊరి పేరు ఇంటిపేరు కావడం తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేని సంగతి. కందుకూరి, దేవులపల్లి, వేటూరి లాంటి పేర్లన్నీ పూర్వీకుల ఊళ్లు చెప్పేవే. జర్మన్‌లో ఊరి పేరుకు చివర 'అర్' చేరిస్తే ఆ ఊరివాడని అర్థం. ఓపెన్‌హైమర్ అంటే ఓపెన్‌హైమ్ నుంచి వచ్చినవాడు. కొందరు ఉత్త ఓపెన్‌హైమ్ అనే పెట్టుకున్నారు. సొంత ఊళ్లో ఎవర్నీ అలా పిలవరు, పిలవాల్సిన పనీ లేదు. పొరుగూరికి వెళ్లి స్థిరపడ్డప్పుడే, అక్కడి జనం 'ఏ ఊరివాడు?' అని అడిగి తెలుసుకున్నప్పుడే ఆ పేరు అతుక్కుంటుంది. కాబట్టి ఈ ఇంటిపేరు ఉన్న ప్రతి కుటుంబం వెనకా ఒక ప్రయాణం ఉంది. ఊరు వదిలిన క్రైస్తవులకూ ఈ పేరు రావచ్చు. ఓపెన్‌హైమర్లందరూ ఒకే వంశం వాళ్లనుకోవడం కూడా పొరపాటే. అయితే చరిత్రకెక్కిన ఓపెన్‌హైమర్లలో ఎక్కువమంది యూదులు కావడానికి బలమైన కారణాలున్నాయి.

రైన్ తీరంలోని ష్పయర్, వర్మ్స్, మైంజ్ మధ్యయుగాల్లో యూదు విద్యకు పెట్టింది పేరు. ఓపెన్‌హైమ్ ఉన్నది వర్మ్స్‌కూ మైంజ్‌కూ నడుమ. 1096లో శిలువ యుద్ధాలకు బయల్దేరిన మూకలు దారిలోనే వర్మ్స్, మైంజ్ యూదులను ఊచకోత కోశాయి. 1348–49లో ప్లేగు వచ్చినప్పుడు యూదులు బావుల్లో విషం కలిపారన్న పుకారు పుట్టించి రైన్ పొడవునా వాళ్ల వాడలను కాల్చేశారు. 1390–91లో పాలటినేట్ పాలకుడు రెండో రూప్రెహ్ట్ తన రాజ్యంలోని యూదులందర్నీ వెళ్లగొట్టాడు. తెలుగునాట ఊళ్లు మారినవాళ్లు అగ్రహారం దొరికో, కొలువు దొరికో, కరువు తరిమితేనో మారారు. ఇక్కడ మాత్రం రాజు గారి ఒక్క సంతకంతో ఒక సమాజం మొత్తానికి కాళ్ల కింద నేల లేకుండా పోయేది. అలా పోయినవాళ్లకు వెంట మిగిలింది ఊరి పేరు.

ఆ పేర్లు నిలబడ్డ చోటు ఫ్రాంక్‌ఫర్ట్. 1462లో ఆ నగరం తన యూదులను కోటగోడ పక్కన ఒకే ఒక్క ఇరుకు వీధిలోకి తోసి, రెండు చివరలా గేట్లు పెట్టింది. రాత్రిళ్లూ, ఆదివారాలూ, క్రైస్తవ పండుగ రోజుల్లోనూ ఆ గేట్లకు తాళం. మూడు వందల ఏళ్లకు పైగా అక్కడ జనం ఇంటి మీద ఇల్లు కట్టుకుంటూ బతికారు. ఇళ్లకు నెంబర్లు లేవు, గుర్తులుండేవి. ఎర్ర డాలు గుర్తున్న ఇంటివాళ్లు రోత్‌షీల్డులయ్యారు, ఓడ గుర్తువాళ్లు షిఫ్‌లయ్యారు. బయటి ఊళ్ల నుంచి వచ్చి చేరినవాళ్లు ఊరి పేరుతోనే ఉండిపోయారు. వర్మ్స్ నుంచి వచ్చినవాళ్లు వర్మ్‌జర్లు, వెర్ట్‌హైమ్ నుంచి వచ్చినవాళ్లు వెర్ట్‌హైమర్లు, ఓపెన్‌హైమ్ నుంచి వచ్చినవాళ్లు ఓపెన్‌హైమర్లు.

తర్వాత ప్రభుత్వాలే పేర్లు పెట్టుకోమని ఆజ్ఞలిచ్చాయి. 1787లో ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్, 1808లో నెపోలియన్, 1812లో ప్రష్యా రాజు తమ యూదు ప్రజలకు స్థిరమైన ఇంటిపేర్లు ఉండాల్సిందేనన్నారు. పన్నులకూ, సైన్యంలోకి మనుషులను తీసుకోవడానికీ రికార్డులు కావాలి. అప్పటిదాకా చాలామంది 'ఫలానా వాడి కొడుకు ఫలానా' అని తండ్రి పేరుతోనే గడిపారు. ఓపెన్‌హైమర్లకు ఆ హడావుడి అక్కర్లేకపోయింది. వాళ్ల పేరు అప్పటికే పాతబడింది, రాజసభల్లో మోగింది కూడా.

మోగించినవాడు శామ్యూల్ ఓపెన్‌హైమర్. 1630లో హైడెల్‌బర్గ్‌లో పుట్టాడు. యూదులు భూమి కొనకూడదు, చేతివృత్తుల సంఘాల్లో చేరకూడదు. మిగిలిన దారులు వడ్డీ వ్యాపారం, సరుకుల వ్యాపారం. బంధువులు ఊరికొకరు చొప్పున చెదిరిపోయి ఉండడమే ఆ వ్యాపారానికి పెట్టుబడి అయింది. హాంబర్గ్‌లో బావమరిది, ఆమ్‌స్టర్‌డామ్‌లో వియ్యంకుడు ఉంటే ఒక ఉత్తరం మీద గుర్రాలు, తుపాకిమందు, ధాన్యం సరిహద్దులు దాటి వచ్చేస్తాయి. యుద్ధాల కోసం ఎప్పుడూ డబ్బుకు కటకటలాడే రాజులకు ఇలాంటివాళ్లు కావాలి. వీళ్లను 'దర్బారు యూదులు' అనేవారు.

వియన్నా నుంచి యూదులను 1670లో వెళ్లగొట్టారు. కొన్నేళ్లకే చక్రవర్తి లియోపోల్డ్‌కు శామ్యూల్ అవసరం పడింది, ఆయనకు మాత్రం వియన్నాలో ఉండే అనుమతి దొరికింది. 1683లో తురుష్క సైన్యం వియన్నాను ముట్టడించినప్పుడూ, ఆ తర్వాత హంగరీలో సాగిన యుద్ధాల్లోనూ, ఫ్రాన్సుతో పోరులోనూ ఆస్ట్రియా సేనలకు తిండి, బట్ట, మందుగుండు, జీతాల డబ్బు అందించింది ఈయన యంత్రాంగమే. సరుకు డాన్యూబ్ నది మీద పడవల్లో దిగేది. సేనానులకు ఈయన విలువ తెలుసు. చర్చి పెద్దలకు మాత్రం ఈయనంటే కంటగింపు.

1697లో తోటి వ్యాపారి శాంసన్ వెర్ట్‌హైమర్‌ను చంపించబోయాడన్న అభియోగం మోపి శామ్యూల్‌ను జైల్లో వేశారు. బయటపడడానికి 5 లక్షల ఫ్లోరిన్లు కట్టాల్సి వచ్చింది. 1700లో వియన్నా గుంపు ఆయన ఇంటి మీద పడి దోచుకుంది. 1703 మేలో ఆయన చనిపోయాడు. అప్పటికి ఖజానా ఆయనకు బాకీ ఉన్నది లక్షల ఫ్లోరిన్లు. ప్రభుత్వం ఆ బాకీ తీర్చనంది, పైగా ఆయన సంస్థే దివాలా తీసిందని ప్రకటించింది. ఆ దెబ్బకు సామ్రాజ్యపు పరపతే కూలింది. ఇక ముందు అప్పు పుట్టదన్న భయంతోనే వియన్నాలో ప్రభుత్వ బ్యాంకు పెట్టే ప్రయత్నాలు ఆ ఏడాదే మొదలయ్యాయి. ఒక సామ్రాజ్యం తనను నిలబెట్టినవాడి అప్పు ఎగ్గొట్టి, ఆ తర్వాత తన పరపతి పోయిందని ఆశ్చర్యపోయింది. ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. యుద్ధం గెలిచిన సేనాపతుల విగ్రహాలు వియన్నా నిండా ఉన్నాయి, ఆ గెలుపుకు డబ్బు పోసినవాడి కుటుంబానికి మిగిలింది కోర్టు కాగితాలు.

అదే వంశంలో మరో మనిషి డబ్బు వేరే దారి పట్టించాడు. శామ్యూల్ సోదరుడి కొడుకు డేవిడ్ ఓపెన్‌హైమ్ 1664లో వర్మ్స్‌లో పుట్టి ప్రాగ్ నగరానికి ప్రధాన రబ్బీ (యూదు మతగురువు) అయ్యాడు. జీవితమంతా హీబ్రూ, యిడ్డిష్ పుస్తకాలు, రాతప్రతులు సేకరించాడు. ప్రాగ్‌లో హీబ్రూ పుస్తకాల మీద క్యాథలిక్ సెన్సార్ల కన్ను ఉండేది. అందుకని తన గ్రంథాలయాన్ని వందల మైళ్ల దూరంలో హనోవర్‌లో దాచుకున్నాడు. తాను కొన్న పుస్తకాలు తన కళ్ల ముందు లేకుండానే 1736లో కన్నుమూశాడు. వారసులు ఆ గ్రంథాలయాన్ని చేతులు మార్చీ మార్చీ, చివరకు 1829లో ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీకి 9 వేల థాలర్లకు అమ్మారు. దాని విలువ ముందు అది చాలా చిన్న మొత్తం. ఈ రోజు యూదు చరిత్ర మీద పరిశోధన చేసేవాళ్లు ఆక్స్‌ఫర్డ్‌లో విప్పుతున్న రాతప్రతుల్లో వందలు ఈ రబ్బీ గారివి.

హైడెల్‌బర్గ్‌లోనే పుట్టిన ఇంకో ఓపెన్‌హైమర్ కథ చెప్పకుండా ఈ పేరు గురించి మాట్లాడలేం. జోసెఫ్ జ్యూస్ ఓపెన్‌హైమర్ వ్యుర్టెంబర్గ్ డ్యూక్ కార్ల్ అలెగ్జాండర్ దగ్గర ఆర్థిక సలహాదారు. డ్యూక్ క్యాథలిక్, ప్రజలూ ప్రజాప్రతినిధుల సభా ప్రొటెస్టెంట్లు. సభ అనుమతి లేకుండా డబ్బు కావాలని డ్యూక్ పట్టుబట్టాడు. జ్యూస్ ఆ డబ్బు పుట్టించాడు. నాణేల ముద్రణ, ఉప్పు, పొగాకు, తోలు మీద గుత్తాధిపత్యాలు, కొత్త పన్నులు. కోపం డ్యూక్ మీద ఉన్నా జనం వేలు చూపింది సలహాదారు వైపే. 1737 మార్చి 12న డ్యూక్ హఠాత్తుగా చనిపోయాడు. ఆ రాత్రే జ్యూస్‌ను పట్టుకున్నారు.

విచారణ నెలల తరబడి సాగింది. ఆయనతో కలిసి పనిచేసిన క్రైస్తవ అధికారుల్లో ఎవరికీ ఉరి పడలేదు. జ్యూస్‌కు మాత్రం పడింది. మతం మారమని పాదరీలు మళ్లీ మళ్లీ వచ్చి అడిగారు. సుఖాల్లో మునిగితేలుతూ ఆచారాలు పెద్దగా పట్టించుకోకుండా బతికిన మనిషి, ఆ చివరి నెలల్లో మాత్రం యూదుడిగానే చస్తానని గట్టిగా నిలబడ్డాడు. 1738 ఫిబ్రవరి 4న స్టుట్‌గార్ట్‌లో వేలాది జనం ముందు, ఎత్తైన ఇనుప ఉరికొయ్య మీద, ఇనుప పంజరంలో ఉరితీశారు. శవాన్ని ఆ పంజరంలోనే ఆరేళ్లు వేలాడనిచ్చారు. 1744లో కొత్త డ్యూక్ దింపించాడు.

చనిపోయాక కూడా ఆయన్ను వదల్లేదు. 1827లో విల్‌హెల్మ్ హౌఫ్ ఆయన మీద కథ రాశాడు. 1925లో లియోన్ ఫోయిఖ్ట్‌వాంగర్ రాసిన నవల ఆయన్ను లోపాలూ బాధా ఉన్న మనిషిగా చూపించింది, అనేక భాషల్లోకి వెళ్లింది. 1940లో నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ పురమాయించగా వైట్ హార్లాన్ తీసిన నాజీ సినిమా అదే జీవితాన్ని విషంగా మార్చింది. సుమారు 2 కోట్లమంది చూసిన ఆ సినిమాను ఎస్ఎస్ అధిపతి హిమ్లర్ తన దళాలకూ, పోలీసులకూ తప్పనిసరిగా చూపించమన్నాడు. మనుషులను చంపడానికి వెళ్లేవాళ్ల మనసు గట్టి చేయడానికి, రెండు వందల ఏళ్ల కిందట ఉరికొయ్య ఎక్కిన ఒక మనిషి పేరు వాడుకున్నారు. యుద్ధం తర్వాత హార్లాన్ మీద కేసు నడిచింది, శిక్ష పడలేదు. జర్మనీలో ఆ సినిమాను ఇప్పటికీ వివరణ, చర్చ లేకుండా ప్రదర్శించనివ్వరు. స్టుట్‌గార్ట్‌లో మాత్రం ఇప్పుడు ఒక కూడలికి జోసెఫ్ జ్యూస్ ఓపెన్‌హైమర్ పేరుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో గెట్టోల (యూదులను విడిగా ఉంచిన వాడల) గోడలు పడిపోయాక ఈ పేరు దాదాపు అన్ని రంగాల్లోనూ కనిపిస్తుంది. హనావ్‌లో పుట్టిన మోరిట్జ్ డానియల్ ఓపెన్‌హైమ్ యూదు కుటుంబ జీవితాన్ని కాన్వాస్ మీదకు తెచ్చిన తొలి పెద్ద చిత్రకారుడు. రోత్‌షీల్డుల రూపచిత్రాలూ ఆయనవే. అంతర్జాతీయ న్యాయశాస్త్రం చదివినవాళ్లకు లాసా ఓపెన్‌హైమ్ పుస్తకం ఈనాటికీ తెలుసు. సమాజశాస్త్రవేత్త ఫ్రాంజ్ ఓపెన్‌హైమర్ దగ్గర పరిశోధన చేసిన లూడ్విగ్ ఎర్హార్డ్ ఆ తర్వాత పశ్చిమ జర్మనీ చాన్స్‌లర్ అయ్యాడు. గురువు మాత్రం నాజీల వల్ల దేశం వదిలి 1943లో లాస్ ఏంజెలెస్‌లో చనిపోయాడు.

కొలోన్ నగరపు ఓపెన్‌హైమ్‌ల కథ కాస్త ఆగి చూడదగ్గది. సాలొమన్ ఓపెన్‌హైమ్ 17 ఏళ్ల వయసులో, 1789లో, బాన్‌లో దళారీ వ్యాపారం మొదలుపెట్టి 1798లో కొలోన్‌కు మార్చాడు. 1424 నుంచి యూదులకు ప్రవేశం లేని ఆ నగరం అప్పుడే తలుపు తీసింది, అదీ ఫ్రెంచివాళ్లు వచ్చాక. ఆయన కొడుకులు రైల్వేలకు పెట్టుబడి పెట్టారు, కొలోన్‌లోని యూదు ప్రార్థనా మందిరానికి డబ్బిచ్చారు. 1868లో అబ్రహాం ఓపెన్‌హైమ్ మతం మారకుండానే ప్రష్యా ప్రభువర్గంలో చేరాడు. తర్వాతి తరం మతం మారింది. అయినా 1938లో నాజీల ఒత్తిడికి బ్యాంకు తన పేరు దించుకుని, యూదుడు కాని భాగస్వామి ఫెర్డ్‌మెంగెస్ పేరు పెట్టుకుంది. 1947లో పాత పేరు తిరిగొచ్చింది.

ఆ ఇంట పుట్టి బ్యాంకు వద్దనుకున్నవాడు మాక్స్ ఫాన్ ఓపెన్‌హైమ్. అరబ్బు దేశాలంటే ప్రాణం. 1899లో సిరియా ఈశాన్యంలో టెల్ హలాఫ్ దిబ్బ కింద మూడు వేల ఏళ్ల నాటి రాజభవనం ఆనవాళ్లు కనిపెట్టాడు. ఈయన జీవితంలో హైదరాబాదుకు ముడిపడ్డ ఒక అధ్యాయం కూడా ఉంది. మొదటి ప్రపంచయుద్ధం మొదలవగానే బ్రిటిష్ పాలనలోని దేశాల్లో తిరుగుబాటు లేపాలన్న పథకం జర్మనీ విదేశాంగ శాఖకు రాసిచ్చింది ఈయనే. ఆ ప్రయత్నంలోనే 1914లో బెర్లిన్‌లో భారతీయ విప్లవకారుల కమిటీ ఏర్పడింది. దాని ముఖ్య నిర్మాత, సరోజినీ నాయుడు తమ్ముడు, 1880లో హైదరాబాదులో పుట్టిన వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ (చట్టో). నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ కొడుకు ఒకవైపు, కొలోన్ బ్యాంకర్ల వారసుడు మరోవైపు కూర్చుని బ్రిటిష్ సామ్రాజ్యాన్ని కూల్చే లెక్కలు వేశారు. ఓపెన్‌హైమ్‌కు కావలసింది జర్మనీ గెలుపు, చట్టోకు కావలసింది స్వదేశపు విముక్తి. పథకం పారలేదు. చట్టో మాస్కో చేరి 1937లో స్టాలిన్ ప్రభుత్వం చేతిలో హతమయ్యాడు.

టెల్ హలాఫ్ శిల్పాలతో మాక్స్ 1930లో బెర్లిన్‌లో సొంత మ్యూజియం తెరిచాడు. 1943 నవంబరులో దాని మీద బాంబు పడింది. కాలిన నల్లరాతి విగ్రహాల మీద చన్నీళ్లు పడగానే అవి ముక్కలుముక్కలుగా పగిలాయి. ఆ శకలాలను ఏరి పెర్గామన్ మ్యూజియం నేలమాళిగల్లో పడేశారు. 1946లో మాక్స్ చనిపోయాడు. 2001లో నిపుణులు ఆ గుట్టను విప్పి, సుమారు 27 వేల ముక్కలను చేత్తో చూసి జతచేసి, తొమ్మిదేళ్లకు పైగా పనిచేసి విగ్రహాలను మళ్లీ నిలబెట్టారు. 2011లో బెర్లిన్ ప్రజలు వాటిని చూశారు.

వజ్రాల వైపు వెళ్లిన ఓపెన్‌హైమర్ పేరు ఎర్నెస్ట్. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఫ్రీడ్‌బెర్గ్‌లో చుట్టల వ్యాపారి ఇంట 1880లో పుట్టి, 1902లో దక్షిణాఫ్రికాలోని కింబర్లీ చేరాడు. ఆ ఊరికి మేయరయ్యాడు. 1915లో జర్మన్ జలాంతర్గామి లూసిటానియా ఓడను ముంచినప్పుడు, ఇంటిపేరు జర్మన్‌దన్న ఒక్క కారణంతో జనం ఆయన మీదికి వచ్చారు, పదవి వదలాల్సి వచ్చింది. జర్మనీ తన మనిషి కాదని తేల్చబోతున్న సమాజంవాడిని, బ్రిటిష్ సామ్రాజ్యం జర్మన్ అని తరిమింది. 1917లో ఆంగ్లో అమెరికన్ కంపెనీ పెట్టి, 1929లో వజ్రాల కంపెనీ డీ బీర్స్ అధిపతి అయ్యాడు. 18వ శతాబ్దం మొదట్లో బ్రెజిల్‌లో వజ్రాలు దొరికేదాకా లోకానికి వజ్రాలు పంపిన కృష్ణా తీరపు కొల్లూరు గనుల కథ అప్పటికే ముగిసింది. ఈ కుటుంబం దక్షిణాఫ్రికా నల్లవాళ్ల చవక కూలి మీద సంపన్నమైందన్న నిజాన్ని, తర్వాతి తరంలో హ్యారీ వర్ణవివక్షను విమర్శించిన నిజంతో కలిపే చెప్పాలి. 2011లో డీ బీర్స్‌లో మిగిలిన 40 శాతం వాటాను 510 కోట్ల డాలర్లకు ఇచ్చేసి కుటుంబం వజ్రాల నుంచి తప్పుకుంది.

ఇంటిపేరు ప్రాణం మీదికి తెచ్చిన కాలం 1933 తర్వాతిది. 1938 ఆగస్టులో నాజీ ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. చూడగానే యూదుడని తెలియని పేరున్న ప్రతి యూదు మగవాడూ 'ఇజ్రాయెల్' అనీ, ఆడమనిషి 'సారా' అనీ తన పేరుకు చేర్చుకోవాలి. 1939 జనవరి 1 నుంచి అది అమలైంది. నూట యాభై ఏళ్ల కిందట రాజ్యాలు పన్నుల కోసం పేర్లు పుస్తకాలకెక్కించాయి. ఆ రికార్డులే ఇప్పుడు రైళ్లెక్కించే జాబితాలకు పనికొచ్చాయి. రైన్ తీరంలో, హెస్సెలో, బేడెన్‌లో తరతరాలుగా ఉన్న ఎందరో ఓపెన్‌హైమర్లు ఆ రైళ్లెక్కి తిరిగి రాలేదు.

ముందే వెళ్లిపోయినవాళ్లలో హనావ్ కుర్రాడు జూలియస్ ఓపెన్‌హైమర్ ఒకడు. 1888లో, 17 ఏళ్లకు, ఇంగ్లీషు రాకుండానే న్యూయార్క్‌లో దిగి బంధువుల బట్టల వ్యాపారంలో కుదురుకున్నాడు. 1904లో పుట్టిన కొడుకు జనన ధ్రువీకరణ పత్రంలో జూలియస్ రాబర్ట్ అని ఉంది. బతికున్న తండ్రి పేరు బిడ్డకు పెట్టడం యూరప్ యూదుల ఆచారం కాదు. కొడుకు కూడా తన పేరులోని మొదటి అక్షరానికి అర్థమేమీ లేదనే చెప్పేవాడు. పూర్వీకుల ఆచారాలకు ఆ ఇల్లు ఎంత దూరం జరిగిందో ఈ చిన్న సంగతి చెబుతుంది. రాబర్ట్ 1927లో జర్మనీలోని గ్యోటింగెన్‌లో మాక్స్ బోర్న్ దగ్గర డాక్టరేట్ చేశాడు. ఆరేళ్లకు అదే బోర్న్‌ను యూదుడని ఉద్యోగంలోంచి తీసేశారు. అమెరికాలోని బర్క్‌లీలో ఆర్థర్ రైడర్ దగ్గర సంస్కృతం నేర్చుకుని భగవద్గీతను మూలంలో చదువుతున్న ఆ రోజుల్లోనే, రాబర్ట్ తన జీతంలో కొంత జర్మనీ నుంచి పారిపోయి వస్తున్న శాస్త్రవేత్తలకు పంపాడు. మేనత్తనూ ఆమె కొడుకు కుటుంబాన్నీ అమెరికా రప్పించాడు.

మొదట్లో చెప్పిన ఆ భౌతిక శాస్త్రవేత్త ఈ రాబర్టే. 1945 జూలై 16న న్యూమెక్సికో ఎడారిలో తొలి అణు పేలుడు జరిగింది. ఆ తర్వాత హిరోషిమా, నాగసాకి. ఆ పనిలో ఆయన పాత్రను శామ్యూల్ తుపాకిమందుతోనో, జ్యూస్ పన్నులతోనో పోల్చడం న్యాయం కాదు. ఇది లక్షమందికి పైగా ప్రాణాలు తీసిన ఆయుధం, ఆ బరువు ఆయనకూ తెలుసు. కానీ రాజ్యం ఆయనతో వ్యవహరించిన తీరులో మాత్రం పాత పోలిక ఉంది. హైడ్రోజన్ బాంబు వద్దన్నందుకూ, పాత కమ్యూనిస్టు స్నేహాలకూ 1954లో మూసిన తలుపుల వెనక దాదాపు నెల రోజుల విచారణ జరిపారు. ఫోన్లు రహస్యంగా విన్నారు, ఆయన వకీలుకు చూపని కాగితాల ఆధారంగా ప్రశ్నలు వేశారు. జూన్ 29న అణుశక్తి సంఘం 4–1 ఓట్లతో ఆయన విశ్వసనీయుడు కాదని తేల్చింది. ఇక్కడ మతం కారణం కాదు, కారణం ఆ కాలపు కమ్యూనిస్టు భయం. 1963లో ఫెర్మీ పురస్కారం ఇచ్చారు గానీ తీర్పు మాత్రం అలాగే ఉండిపోయింది. 1967 ఫిబ్రవరిలో ఆయన గొంతు క్యాన్సర్‌తో చనిపోయాడు. 2022 డిసెంబరు 16న అమెరికా ఇంధన శాఖ మంత్రి జెన్నిఫర్ గ్రాన్‌హోమ్ 1954 నాటి తీర్పును రద్దు చేస్తూ, ఆనాటి సంఘం తన సొంత నియమాలనే పాటించలేదని ఉత్తర్వులో రాసింది.